ఆ ఇత్తడి రింగు ఎందుకు అడ్డుపడుతుంది?

(తిరుపతిలో ఒక ఆదివారం ఉదయం ఐటీఐ విద్యార్థులు, కొండ మీదికి ట్యాక్సీలు నడిపే డ్రైవర్ల ముందు ఒక గేర్‌బాక్స్ మెకానిక్ చేసిన ప్రసంగం. రికార్డు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక గోడకు ఆనుకుని నిలబడిన డ్రైవరన్నలు దయచేసి ముందుకు రండి. కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మీరు నిలబడితే ఎప్పుడు ఫోన్ వస్తుందో, ఎప్పుడు బయటికి పోతారో అని నాకు టెన్షన్.

మైకు ముందు మాట్లాడటం నాకు అలవాటు లేదు. ముప్పై ఏళ్లు బండి కింద పడుకుని మాట్లాడినవాణ్ని. అందుకే చేతిలో ఒక వస్తువు ఉంటే తప్ప మాట రాదు. ఇదిగో, ఈ సంచిలో మూడు తెచ్చాను. ఒక గేరు, రెండు ఇత్తడి రింగులు. ఏయ్ అబ్బాయ్, ముందు వరుసలో నువ్వే, ఇదేంటో చెప్పు.

గాజా? (నవ్వులు) పర్వాలేదు. మా ఆవిడ కూడా మొదటిసారి చూసి అదే అంది. చొక్కా జేబులో ఉండిపోతే ఉతకబోతూ బయటికి తీసి, "ఇదేం గాజు, పళ్ళున్నాయి?" అని అడిగింది. సింక్రో రింగు ఇది. కారులో గేరు మార్చిన ప్రతిసారీ పని చేసేది ఇదే. నడిపేవాళ్ళలో దీన్ని చూసినవాళ్ళు నూటికి ఒకరు కూడా ఉండరు. ఈరోజు నేను చెప్పేదంతా దీని గురించే.

నాకు దీని సంగతి ఎలా తెలిసిందో ముందు చెప్తాను. పంతొమ్మిదేళ్లప్పుడు రేణిగుంట రోడ్డులో ఒక షెడ్డులో చేరాను. చేరి నాలుగు నెలలైంది, అన్నీ వచ్చేశాయని నమ్మకం. ఒక అంబాసిడర్ ట్యాక్సీ వచ్చింది. రెండో గేరు గట్టిగా ఉందని కంప్లయింటు. మేస్త్రీ టీకి పోయాడు. నేను బండి తీసుకుని ట్రయల్‌కు పోయాను. రెండో గేరు వేయబోతే చేతికి ఏదో అడ్డం తగిలింది. వయసు వేడి కదా, అరచేత్తో ఒక్క తోపు తోశాను. గర్రుమని అరిచి గేరు పడింది. మళ్ళీ వేశాను, మళ్ళీ గర్రు. పది సార్లు అలాగే వేసి, షెడ్డుకొచ్చి "చూశా మేస్త్రీ, గేరు పడతా ఉంది" అన్నాను, గొప్పగా.

ఆయన ఏమీ అనలేదు. రెండు రోజుల తర్వాత గేర్‌బాక్స్ దించాం. ఆ రింగు తీసి నా అరచేతిలో పెట్టాడు. ఈ పళ్ళ మొనలు చూడండి, కొత్తదానికి ఇంటి కప్పులాగా రెండువైపులా వాలు ఉంటుంది. నా చేతిలో పెట్టినదానికి కప్పే లేదు, చదునుగా అరిగి గుండ్రమైపోయింది. "నిన్ను ఆపతా ఉన్నింది ఇదేరా. నువ్వు దీన్ని కొట్టినావు" అన్నాడు. అంతే. జీతంలో కోస్తాడేమో అనుకున్నాను, కోయలేదు. ఆ మాట మాత్రం ఇప్పటిదాకా పోలేదు.

గేరు వేసేటప్పుడు చేతికి తగిలే ఆ చిన్న అడ్డు రిపేరు కాదు, ఈ రింగు డ్యూటీ. ఎందుకు అడ్డుపడుతుందో, ఎప్పుడు తప్పుకుంటుందో తెలిస్తే మీ చెయ్యి దానంతట అదే మెత్తబడుతుంది.

ముందు గేర్‌బాక్స్ లోపలికి పోదాం. లివర్ కదిపినప్పుడు లోపల ఒక గేరు జరిగి ఇంకో గేరులో దూరుతుందని చాలామంది అనుకుంటారు. నూరేళ్ల కిందటి బళ్ళలో అలాగే ఉండేది. ఇప్పటి కారులో ముందుకు నడిపే గేర్లన్నీ ఎప్పుడూ ఒకదాంతో ఒకటి కలిసే తిరుగుతుంటాయి. మొదటి గేరు జత, రెండో గేరు జత, మూడో గేరు జత, అన్నీ ఒకేసారి. మరి ఐదు జతలూ కలిసి ఉంటే బండి ఏ గేరులో ఉన్నట్టు? ఏ గేరులోనూ లేదు. ఎందుకంటే ప్రతి జతలో ఒక గేరు ఒక షాఫ్టుకు బిగించి ఉంటుంది, రెండోది ఇంకో షాఫ్టు మీద వదులుగా, సూది బేరింగుల మీద తిరుగుతుంటుంది. చేతికి వేసుకున్న గాజు చెయ్యి కదలకుండా తిరిగినట్టు. (ముందు వరుస వైపు చూసి) ఇప్పుడు చెప్పావు చూడు గాజు, ఇక్కడ సరిపోయింది.

గేరు వేయడమంటే ఆ వదులు గేరును షాఫ్టుకు తాళం వేయడం. ఆ తాళం పేరు స్లీవ్. షాఫ్టుకు బిగించిన హబ్ మీద ఇది జరుగుతుంది. మీ లివర్ ఫోర్కును కదుపుతుంది, ఫోర్కు స్లీవ్‌ను తోస్తుంది. స్లీవ్ లోపలి పళ్ళు గేరు పక్కనున్న ఈ చిన్న పళ్ళ మీదికి ఎక్కితే తాళం పడినట్టు. వీటిని డాగ్ పళ్ళు అంటారు. డాగ్ అంటే కుక్కే, పట్టుకుంటే వదలదని పెట్టారేమో. (నవ్వులు) ఇంకో సంగతి కూడా ఇక్కడే తెలుస్తుంది. గర్రుమంటే "గేర్ల పళ్ళు ఒరుసుకుంటున్నాయి" అంటాం కదా. పెద్ద గేర్లు కలిసే ఉన్నాయి, అవి ఒరుసుకునేదేం లేదు. అరిచేది ఈ స్లీవ్, ఈ డాగ్ పళ్ళు.

ఎందుకు అరుస్తాయి? లెక్క వేద్దాం, సులభమైన అంకెలు తీసుకుంటాను. కారు రెండో గేరులో పోతోంది. చక్రాల వైపు షాఫ్టు నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతోంది. రెండో గేరు నిష్పత్తి 2 అనుకుంటే ఇంజన్ వైపు షాఫ్టు 4,000 తిరుగుతుంది. ఇప్పుడు మూడో గేరు వేయాలి, దాని నిష్పత్తి 1.5. మూడో గేరు జత కూడా ఇంజన్ వైపు షాఫ్టుతోనే తిరుగుతోంది కదా, 4,000ను 1.5తో భాగిస్తే సుమారు 2,670. అంటే మన వదులు గేరు 2,670 తిరుగుతోంది, దాన్ని తాళం వేయాల్సిన షాఫ్టు 2,000 తిరుగుతోంది. పక్కపక్కనే ఉన్నాయి, మధ్య తేడా 670 చుట్లు. ఈ తేడా ఉన్నంతసేపు పంటిలో పన్ను దూరదు.

నడుస్తున్న ఆర్టీసీ బస్సు ఎక్కినవాళ్ళు ఎంతమంది ఉన్నారు? చెయ్యెత్తండి. అబ్బో, మాస్టార్లు కూడా ఎత్తారు. బస్సుతో సమానంగా పరిగెత్తి, ఫుట్‌బోర్డు మీ పక్కన కదలకుండా నిలబడినట్టు అనిపించినప్పుడు కాలు పెడతాం. ముందే పెడితే పడతాం. ఇక్కడ బస్సు అంటే చక్రాల వైపు షాఫ్టు. దాని వేగం మారదు, ఎందుకంటే దాని వెనక టన్ను బరువున్న కారు ఉంది. పరిగెత్తాల్సిందీ నెమ్మదించాల్సిందీ వదులు గేరు, దాంతో పాటు ఇంజన్ వైపు షాఫ్టు, క్లచ్ ప్లేటు. క్లచ్ తొక్కడం ఎందుకో ఇప్పుడు తెలిసిందా? తొక్కితే ఇంజన్ విడిపోతుంది. మిగిలే బరువు కొన్ని కిలోలు. ఆ కొన్ని కిలోలను ఒక చిన్న ఇత్తడి రింగు బ్రేకు వేసి ఆపగలదు. ఇంజన్ కూడా తగిలించుకుని ఉంటే దాని తరం కాదు.

సరే, రింగుకు వద్దాం. గేరు పక్కన డాగ్ పళ్ళకు ముందు ఈ నున్నటి కోన్ చూడండి, గరాటు ఆకారం. రింగు లోపలి వైపు కూడా అదే వాలు. రింగును దీని మీద పెట్టి నొక్కి తిప్పితే... చూడండి, రాదు. పట్టేసింది. వదిలేస్తే ఊడొస్తుంది. ఇదే బ్రేకు.

కోన్ ఎందుకు, చదునైన పళ్ళెం పెట్టొచ్చు కదా అని ఇంజనీరింగు పిల్లలు అడుగుతారు. వాలు ఉంటే తోపు పెరుగుతుంది. చాలా రింగుల్లో ఈ వాలు ఆరేడు డిగ్రీలు. ఏడు డిగ్రీలకు లెక్క వేస్తే, స్లీవ్ పది కిలోల బలంతో తోస్తే కోన్ మీద ఎనభై కిలోల పైన నొక్కుడు పడుతుంది. కొయ్యలో సీల దిగినట్టు. అయితే వాలు ఇంకా తగ్గించి మూడు డిగ్రీలు పెడితే ఇంకా బాగుంటుందా? బాగుండదు. ఇంట్లో స్టీలు గ్లాసులు ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుని రాకపోవడం చూశారా? లోపల చల్లనీళ్ళు పోసి, బయట వేడినీళ్ళలో పెట్టి లాగుతాం. ఆ గ్లాసుల వాలు మరీ తక్కువ, అందుకే పట్టేస్తాయి. రింగు కూడా అలా పట్టేస్తే గేరు తీయలేం. నూనెలో ఇత్తడికీ ఉక్కుకూ మధ్య రాపిడి గుణకం సుమారు 0.1. దానికి సరిపడే కోణం ఆరు డిగ్రీలకు కొంచెం తక్కువ. అంతకంటే పై వాలు ఉంటేనే రింగు పట్టాల్సినప్పుడు పట్టి, వదలాల్సినప్పుడు వదులుతుంది. ఒకటి రెండు డిగ్రీల సందులో నడిచే ఆట ఇది.

లోపల వేలు పెట్టి తడిమితే సన్నటి గీతలు తెలుస్తాయి, స్క్రూ మరల్లాగా. కోన్ మీద నూనె పొర ఉంటుంది కదా. ఆ పొర ఉంటే రింగు జారుతుంది. ఈ గీతల అంచులు ఆ పొరను గోకేస్తాయి, ఈ నిలువు గాడి గుండా నూనె బయటికి పోతుంది. ఈ గీతలు అరిగితే రింగు చూడటానికి తళతళ మెరుస్తుంది. కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు "భలే ఉందన్నా, మళ్ళీ ఏసేద్దాం" అంటారు. ఆ మెరుపే దాని జబ్బు.

ఇప్పటిదాకా చెప్పింది బ్రేకు. బ్రేకు ఒక్కటే సరిపోదు. తొందరగాడు ఒకడు బలంగా తోస్తే? వేగాలు కలవకముందే స్లీవ్ దూకి డాగ్ పళ్ళ మీద పడుతుంది. పాత రకం సింక్రోలు కొన్ని అలాగే ఉండేవి. రాపిడి ఉండేది, అడ్డు ఉండేది కాదు. బలం పెడితే ఓడిపోయేవి. ఆ తర్వాత వచ్చిన తెలివి ఏమిటంటే, తోపు ఎంత ఉన్నా వేగాలు కలిసేదాకా దారి మూసి ఉండాలి. ఎలా మూస్తారు? ఇక్కడ కొంచెం దగ్గరికి రండి, కెమెరా ఉంటే ఆ తెర మీద చూపించండి.

రింగు చుట్టూ మూడు చోట్ల ఈ గాళ్ళు ఉన్నాయి. హబ్‌లో మూడు చిన్న ఇనుప ముక్కలు ఉంటాయి, ఒక్కోదాన్ని కీ అంటారు, వాటి కింద స్ప్రింగులు. ఆ ముక్కలు వచ్చి ఈ గాళ్ళలో కూర్చుంటాయి. అయితే గాడి ముక్క కంటే కొంచెం వెడల్పు. కావాలనే అలా చేస్తారు. దానివల్ల రింగు అటు అర పన్ను, ఇటు అర పన్ను తిరగగలదు. అంతకు మించి తిరగలేదు. గుర్తు పెట్టుకోండి, అర పన్ను.

మీరు లివర్ తోశారు. స్లీవ్ కొంచెం కదిలింది. స్ప్రింగు పట్టు వల్ల ఆ మూడు ముక్కలు కూడా దాంతో కదిలి రింగును కోన్ మీదికి నెట్టాయి. రింగు కోన్‌కు తగిలిందో లేదో, గేరు వేరే వేగంతో తిరుగుతోంది కాబట్టి దాన్ని ఒక పక్కకు ఈడ్చింది. రింగు అర పన్ను తిరిగి, గాడి గోడ కీ ముక్కకు తగిలి ఆగింది. ఇప్పుడు ఏమైంది? స్లీవ్ పళ్ళకు ఎదురుగా సందులు రావాల్సిన చోట రింగు పళ్ళు వచ్చి నిలబడ్డాయి. స్లీవ్ పంటి మొన, రింగు పంటి మొన ఎదురెదురు, వాలు మీద వాలు. స్లీవ్ ముందుకు పోవాలంటే రింగును వెనక్కి తిప్పాలి. మీ చెయ్యి తోస్తున్న బలం ఆ వాలు మీద పడి రింగును తిప్పాలని చూస్తుంది. కోన్ రాపిడి తిప్పనివ్వదు. ఇద్దరూ పోట్లాడుతున్నారు. ఎవరు గెలవాలో డిజైన్ చేసేటప్పుడే నిర్ణయిస్తారు. వేగాల్లో తేడా ఉన్నంతసేపు రాపిడే గెలిచేలా ఆ మొన కోణం, కోన్ కోణం లెక్క వేసి పెడతారు.

ఇందులో నాకు బాగా నచ్చేది ఒకటుంది. మీరు ఎంత గట్టిగా తోస్తే రింగు కోన్ మీద అంత గట్టిగా నొక్కుకుంటుంది. అంటే అడ్డు కూడా అంత గట్టిపడుతుంది. మీ బలమే మిమ్మల్ని ఆపుతోంది. అదే బలం గేరును నెమ్మది చేస్తోంది కూడా. సెకనులో చిన్న ముక్క సేపు ఇది జరుగుతుంది. 2,670 కాస్తా 2,000కు దిగింది. తేడా లేదు. తేడా లేకపోతే కోన్ రింగును ఈడ్చదు. ఈడ్చే బలం సున్నా అయిన ఆ క్షణంలో స్లీవ్ మొన రింగును సులువుగా పక్కకు తప్పించి సందులోకి జారిపోతుంది. వెనకే డాగ్ పళ్ళు, వాటి మొనలూ వాలుగానే ఉంటాయి, అవి కూడా చిటికెడు జరిగి దారి ఇస్తాయి. టక్. గేరు పడింది.

మీ చేతికి తెలిసేది రెండు మెట్లు. మొదట చిన్న అడ్డు, తర్వాత మెత్తగా పడటం. బండి మంచిదైతే ఆ రెంటికీ మధ్య సందు తెలియదు కూడా. కొండ మీద వైకుంఠం క్యూ కాంప్లెక్సులో కంపార్టుమెంటు గేటు ఎలా ఉంటుంది? వెనకనుంచి ఎంత తోసినా ముందు ఖాళీ అయ్యేదాకా తీయరు. తోసినందువల్ల ముందు తీసిన గేటు నేను ఎప్పుడూ చూడలేదు. (నవ్వులు)

దీన్ని కనిపెట్టిన చరిత్ర రెండు మాటల్లో చెప్పి ముందుకు పోతాను. అమెరికాలో ఎర్ల్ థాంప్సన్ అనే ఇంజనీరు దీని మీద పని చేశాడు. 1928లో కాడిలాక్ కార్లలో సింక్రోమెష్ అనే పేరుతో మొదట వచ్చింది. ఆ తర్వాత ఒక్కో కంపెనీ ఒక్కో రకంగా చేసింది. మన అంబాసిడర్లకు కూడా మొదట్లో రెండు, మూడు, నాలుగు గేర్లకే సింక్రో ఉండేది. మొదటి గేరు కావాలంటే బండి ఆపాల్సిందే. పాత డ్రైవర్లు సిగ్నల్ దగ్గర పూర్తిగా ఆగి, ఒక క్షణం చూసి మొదటి గేరు వేసేది అందుకే.

సింక్రో లేని రోజుల్లో ఆ పని ఎవరు చేసేవారు? డ్రైవరే. మా మేనమామ లారీ నడిపేవాడు. పలమనేరు నుంచి టమాటాల లోడుతో చిత్తూరు వైపు దిగాలంటే మొగిలి ఘాట్ దాటాలి. నేను సెలవుల్లో క్యాబిన్లో కూర్చునేవాణ్ని. ఘాట్ మొదలయ్యే ముందే ఆయన గేరు తగ్గించేవాడు. ఎలాగో చూడండి. క్లచ్ తొక్కి న్యూట్రల్. క్లచ్ వదిలి యాక్సిలేటర్ ఒక్క తొక్కు, ఇంజన్ గుంయ్‌మంటుంది. మళ్ళీ క్లచ్ తొక్కి కింది గేరు. డబుల్ క్లచ్ అంటారు. మధ్యలో క్లచ్ వదిలి యాక్సిలేటర్ ఇవ్వడం ఎందుకు? కింది గేరుకు పోవాలంటే లోపలి షాఫ్టు ఇంకా వేగంగా తిరగాలి. ఇంజన్‌తో దాన్ని తిప్పించి సమానం చేస్తున్నాడు. రింగు చేసే పని కాలితో, చెవితో చేస్తున్నాడు. నేను ఒకసారి లివర్ పట్టుకుని తోయబోతే, "తొయ్యబాకురా. ఇంజను గొంతు ఇను, అదే పిలస్తాది" అన్నాడు.

ఇప్పుడు యూట్యూబులో చూసి కుర్రాళ్ళు క్లచ్ తొక్కి పట్టుకునే యాక్సిలేటర్ కొడుతున్నారు. దానివల్ల సింక్రోకు ఏమీ ఒరగదు. క్లచ్ తొక్కి ఉంటే ఇంజన్ విడిపోయి ఉంది, నువ్వు రేస్ చేస్తే ఇంజన్ ఒక్కటే తిరుగుతుంది. క్లచ్ వదిలేటప్పుడు కుదుపు తగ్గుతుంది, అది వేరే లాభం. రింగుకు సాయం కావాలంటే న్యూట్రల్లో క్లచ్ వదలాల్సిందే. మంచి సింక్రో ఉన్న కారులో రోజూ ఇలా చేయాల్సిన అవసరం లేదనుకోండి.

డ్రైవరన్నలకు ఇప్పుడు అసలు సంగతి. కొండ దిగే రోడ్డు 1944 నాటిది, ఎక్కే రోడ్డు 1974లో వచ్చింది. దిగే రోడ్డులో ఎన్ని మలుపులున్నాయో మీకు నాకంటే బాగా తెలుసు. డీజిలు మిగులుతుందని న్యూట్రల్ కొట్టి దిగేవాళ్ళు ఇక్కడ ఎవరూ లేరనుకుంటాను. (నవ్వులు) ఉన్నారు. సరే, లెక్క చూద్దాం. చిన్న కారు చక్రం ఒక చుట్టుకు సుమారు 1.8 మీటర్లు పోతుంది. 60 కిలోమీటర్ల వేగంలో చక్రం నిమిషానికి 550 చుట్లు. గేర్‌బాక్స్ తర్వాత చక్రాల దగ్గర ఇంకోసారి వేగం తగ్గించే గేర్లను డిఫరెన్షియల్ అంటారు. దాని నిష్పత్తి 4, రెండో గేరు 2 అనుకుంటే, రెండో గేరు పడాలంటే ఇంజన్ వైపు షాఫ్టు 4,400 తిరగాలి. న్యూట్రల్లో ఉన్నావు కాబట్టి అది ఐడిలింగులో 800 తిరుగుతోంది. బ్రేకు వేడెక్కి మెత్తబడింది, మలుపు వస్తోంది, ఇంజన్ పట్టుతో బండి ఆపడానికి నీకు ఇప్పుడు గేరు కావాలి. రింగు 800ను 4,400కు లేపాలి. మామూలు కంటే చాలా ఎక్కువ సేపు అడ్డుపడుతుంది. గేరు పడలేదని కంగారుపడి వదిలేసి మళ్ళీ తోస్తావు. మళ్ళీ మొదటికొచ్చింది. పైగా డీజిలు మిగలదు కూడా. ఇప్పటి ఇంజన్లలో గేరులో ఉండి యాక్సిలేటర్ మీద కాలు తీస్తే ఇంజెక్టర్లు ఇంధనం ఆపేస్తాయి. న్యూట్రల్లోనే ఐడిలింగుకు కొంచెం తాగుతుంది.

దానికంటే పెద్ద ప్రమాదం పొరపాటున మొదటి గేరు పడటం. అదే 60లో, మొదటి గేరు నిష్పత్తి 3.5 అనుకుంటే, క్లచ్ తొక్కే ఉన్నా సరే, లోపల క్లచ్ ప్లేటు 7,600 పైన తిరగాలి. ఇంజన్ చల్లగా ఐడిలింగులో ఉంటుంది, మీటర్లో ఏమీ కనిపించదు. ప్లేటు లైనింగు చెదిరి, క్లచ్‌ను కప్పి ఉండే బెల్ హౌసింగులో ముక్కలై పడిన బండి ఒకటి నేనే విప్పాను. ఓనరు చివరిదాకా "నేనేం చేయలేదు" అనే అన్నాడు. రింగు చాలాసేపు వద్దంటుంది. మొండిగా తోసి పట్టుకుంటే అదీ చివరికి సమానం చేసి లోపలికి వదిలేస్తుంది. దానికి వేగం తెలుసు, ప్లేటు ఎంత తట్టుకుంటుందో తెలియదు.

షెడ్డుకు వచ్చే కేసుల గురించి రెండు మాటలు. "అన్నా, గేరు గట్టిగా ఉంది, సింక్రో పోయింది" అని పది మంది వస్తే, అందులో సగం మందికి సింక్రో బాగానే ఉంటుంది. ముందు ఇంజన్ ఆపి అన్ని గేర్లూ వేసి చూడండి. ఆపినప్పుడు మెత్తగా పడి, స్టార్ట్ చేసి నిలబడి ఉన్నప్పుడు మొదటి గేరు, రివర్స్ గట్టిగా ఉంటే అనుమానం క్లచ్ మీద పెట్టండి. క్లచ్ పూర్తిగా విడవట్లేదు. కేబులు సాగిందో, మాస్టర్ సిలిండర్ లీకో చూడండి. విడవని క్లచ్‌తో పాపం ఈ రింగు మొత్తం ఇంజన్‌ను ఆపాలని చూస్తుంది. వారంలో అరిగిపోతుంది. అలా కాకుండా పరుగులో ఒక్క గేరుకే, ముఖ్యంగా రెండోదానికి, గర్రుమంటే అప్పుడు గేర్‌బాక్స్ దించే ఆలోచన చేయండి. రెండోదే ముందు పోతుంది. ఊళ్ళో తిరిగే బండికి మొదటి గేరుకూ రెండోదానికీ మధ్య మార్పులు ఎక్కువ, వేగాల తేడా కూడా ఎక్కువ. అందుకే చాలా కంపెనీలు కింది గేర్లకు రెండు మూడు కోన్లు ఒకదాంట్లో ఒకటి పెట్టిన రింగు వేస్తున్నాయి. రాపిడి తలం పెరిగితే చేతికి తేలిక.

దించాక ఎలా చూడాలి? రింగును కోన్ మీద పెట్టి వేళ్ళతో గట్టిగా నొక్కండి. రింగుకూ గేరు డాగ్ పళ్ళకూ మధ్య సందు ఉంటుంది. సందు కొలిచే పలచటి రేకు, ఫీలర్ గేజ్ అంటారు, అది దూర్చి మూడు నాలుగు చోట్ల కొలవండి. కొత్తదానికి చాలా కార్లలో 1 మిల్లీమీటరు దరిదాపుల్లో ఉంటుంది, అర మిల్లీమీటరుకు దిగితే మార్చమంటారు. ప్రతి బండికీ మాన్యువల్లో అంకె ఉంటుంది, అది చూడండి, నా మాట మీద పోవద్దు. సందు ఎందుకు తగ్గుతుందో ఆలోచించారా? రింగు లోపల అరిగేకొద్దీ కోన్ మీద ఇంకా లోతుకు దిగుతుంది. దిగి దిగి ఒకరోజు గేరు ముఖానికే ఆనుకుంటుంది. ఆ రోజుతో కోన్ మీద నొక్కుడు లేదు. నొక్కుడు లేకపోతే రాపిడి లేదు, రాపిడి లేకపోతే అడ్డూ లేదు. ఇక స్లీవ్ నేరుగా డాగ్ పళ్ళ మీదికే.

నూనె సంగతి అడుగుతారని తెలుసు. డబ్బా మీద జీఎల్-4, జీఎల్-5 అని ఉంటుంది. ఐదు పెద్దది కాబట్టి మంచిదని కొనేస్తారు. జీఎల్-5 ముఖ్యంగా డిఫరెన్షియల్‌లో ఒకదాని మీద ఒకటి గట్టిగా జారే హైపాయిడ్ రకం గేర్ల కోసం తయారైంది. దాంట్లో గంధకం, భాస్వరం కలిసిన మందులు ఎక్కువ. కొన్ని రకాలు ఇత్తడిని తింటాయి. ఇంకోటి, మరీ జారుడుగా ఉన్న నూనె పోస్తే రింగు కోన్‌ను పట్టుకోలేదు. బండి పుస్తకంలో ఏది రాసి ఉంటే అదే పోయండి. చిక్కదనం కూడా అంతే. డిసెంబరులో హార్స్‌లీ హిల్స్ మీద పొద్దున్నే బండి తీస్తే మొదటి కిలోమీటరు గేర్లు బిర్రుగా ఉంటాయి చూశారా? నూనె చిక్కబడింది, రింగు ఆ పొరను వెంటనే గోకలేకపోతోంది. నెమ్మదిగా వేయండి, వేడెక్కాక అదే సర్దుకుంటుంది.

లివర్ మీద చెయ్యి వేసి నడిపే అలవాటు మానేయండి అని ప్రతి డ్రైవరుకూ చెప్తాను, ఎవరూ మానలేదు. ఆ బరువు ఫోర్కు మీద పడుతుంది, ఫోర్కు తిరుగుతున్న స్లీవ్ గాడిని ఒరుసుకుంటూ ఉంటుంది. ఫోర్కు అరిగితే స్లీవ్ పూర్తిగా ఎక్కదు, అప్పుడు గేరు జారడం మొదలవుతుంది.

ప్రశ్నలేమైనా ఉన్నాయా? ... ఆ, రివర్స్ గేరుకు ఎందుకు గర్రుమంటుంది అంటున్నాడు. చాలా కార్లలో రివర్స్‌కు సింక్రో లేదు. అక్కడ నిజంగానే ఒక గేరు జరిగి మధ్యలో దూరుతుంది, పాత పద్ధతి. పళ్ళు నిటారుగా ఉంటాయి, రివర్స్‌లో ఊఁ అని ఊళ వేసేది కూడా అందుకే. బండి పూర్తిగా ఆగాలి. క్లచ్ తొక్కాక కూడా లోపలి షాఫ్టు కాసేపు తిరుగుతూ ఉంటుంది. క్లచ్ తొక్కి ఉంచి ముందు మూడో గేరులో ఒకసారి పెట్టి తీయండి. మూడో గేరు రింగు ఆ షాఫ్టును ఆపేస్తుంది. వెంటనే రివర్స్ వేయండి, మెత్తగా పడుతుంది.

బైకుకు సింక్రో ఉంటుందా అని వెనకనుంచి అడుగుతున్నారు. ఉండదు. మీ బైకులో డాగ్ పళ్ళే, అవీ పెద్దవి, మధ్య సందు ఎక్కువ. లోపలి బరువు తక్కువ కాబట్టి దెబ్బ తట్టుకుంటాయి. టక్కుమని శబ్దం వచ్చేది అదే.

క్లచ్, గేర్లు తనంతట తనే మార్చుకునే ఏఎంటీ కార్లు వచ్చాయి కదా, ఇక రింగులతో పనేముంది అని ఒక ప్రశ్న. మన దేశంలో ఏఎంటీ 2014లో మారుతి సెలెరియో కారుతో మొదలైంది. క్లచ్ పెడల్ లేదని ఆటోమేటిక్ అనుకుంటాం. లోపల విప్పితే అదే గేర్‌బాక్స్, అదే హబ్, అదే స్లీవ్, ఇదే రింగు. లివర్ తోసేది మన చెయ్యి బదులు ఒక మోటారు లాంటిది, అంతే తేడా. గేరు మారేటప్పుడు ఒక క్షణం బండి ఆగినట్టు తల ఊగుతుంది చూశారా, అది తొందరపడదు. రింగు వదిలేదాకా ఆగుతుంది.

టీ వచ్చిందంటున్నారు. వెళ్ళే ముందు ఈ బల్ల దగ్గరికి రండి. రెండు రింగులు, ఒక గేరు ఇక్కడే పెట్టి పోతున్నాను. ఒకటి కొత్తది, ఇంకోటి లక్ష కిలోమీటర్ల పైన తిరిగింది. ఏది ఏదో నేను చెప్పను. రెంటినీ కోన్ మీద నొక్కి తిప్పి చూడండి, లోపల గోరు పెట్టి గీకండి. అబ్బాయ్, గాజు అన్నావే, నువ్వే ముందు రా. చేతులకు నూనె అంటుతుంది, గుడ్డ అక్కడుంది.